రెండో కబురు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మా మేనేజరు సారు నోటి నుంచే తెలిసింది. మా ఆఫీసులో ఉన్న ఒక్క ఫోనూ ఆయన బల్ల మీదే ఉంటుంది కాబట్టి చావు కబురైనా, పెళ్ళి కబురైనా ముందు ఆయన చెవిన పడాల్సిందే. ఆ మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచి, రిసీవరు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "మట్టెవాడ నుంచి ఎవరో చేసిండ్రు. నీ మేనత్త పోయిందంటున్నరు. ఎవరి ఫోనో మనకు కలిసినట్టుంది, జర చూడు. నీ మేనత్త పోయి శాన ఏండ్లాయె గద," అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. ఆయనకు తెలిసినంతవరకు మా మేనత్త నేను ఈ ఉద్యోగంలో చేరకముందే పోయింది. ఆ కబురు ఆయనకు పంపింది నేనే. ఆ పోయిన మనిషే ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి నాకు అన్నం డబ్బా కట్టి ఇదే ఆఫీసుకు పంపింది. ఆ రోజు కూడా కట్టింది. నేను తిని, డబ్బా కడిగి సంచిలో పెట్టుకున్నాక ఫోను వచ్చింది.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. మా మేనత్త గురించి నాలుగేం ఖర్మ, ఎన్నైనా రాయగలను. కానీ ఈ సంగతి ముందు చెప్పకుండా ఎన్ని రాసినా అది దొంగ ఏడుపే అవుతుంది. అందుకే మొదలే చెప్పేస్తున్నాను. మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఆమె కథ మాత్రం చివరిదాకా వినండి.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళయిన కొద్ది రోజులకే భర్త పోయాడు, పిల్లల్లేరు. నర్సంపేట దగ్గర మా ఊళ్ళో తమ్ముడి ఇంట్లో ఉండొచ్చు, కానీ ఒకరి మీద పడి తినే మనిషి కాదు. వరంగల్ వచ్చి మిర్చి వ్యాపారుల దగ్గర తొడిమెలు తీసే పనిలో కుదిరింది. మార్కెట్టు ఎనుమాములకు పోకముందు నుంచీ, పోయిన తర్వాతా, అదే పని. నేను పై చదువుకని వస్తే మట్టెవాడలోని తన గదిలో సగం నాకిచ్చింది. సగం అని పేరుకే. కిటికీ ఉన్న సగం నాది, పొయ్యి ఉన్న సగం ఆమెది.

మిర్చి పనిచేసే చేతులు ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. పండుగకు సబ్బు పెట్టి రుద్దినా, కొబ్బరి నూనె రాసినా అంతే. అందుకని ఆమె ఎవరి ముఖాన్నీ అరచేత్తో ముట్టేది కాదు. నాకు జ్వరం వస్తే చేతిని తిరగేసి, వెనకవైపుతో నుదురు తాకి చూసేది. పరీక్ష పాసైతే చేతి వెనకవైపుతోనే చెంప నిమిరేది. ఆమె అరచెయ్యి నా ముఖానికి ఎట్లా తగులుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమెకో అలవాటుండేది. మర్నాడు పనికి రాలేనంటే ముందు రోజు సాయంత్రమే సేటు దగ్గరికి నడిచి పోయి ఆ మాట చెప్పి వచ్చేది. తోటి కూలీలు నవ్వేవాళ్ళు. రాకపోతే ఇంకొకరు వస్తారు, దానికి ఇంత దూరం నడవడమెందుకని. పెళ్ళి పిలుపు అందుకుని పోలేకపోయినా అంతే, ముందురోజే ఆ ఇంటికి పోయి, ఒక జాకెట్టు ముక్క చేతిలో పెట్టి, రేపు రాలేనని చెప్పి, వాళ్ళు పెట్టింది తిని వచ్చేది. ఎందుకత్తమ్మా అంటే, "రానన్న మాట చెప్పకుంటే ఆడ ఒకలు మనకోసం చూస్తనే ఉంటరు కొడుకా. ఊకె ఎదురుచూపిచ్చుడు పాపం," అనేది.

ఇక నా సంగతి. డిగ్రీ పూర్తిచేసి ఊరికే కూర్చున్న రోజులవి. డెబ్బయిల్లో ఇంటర్వ్యూ పిలుపు రావడమంటే మాటలా? గల్లీ అంతా వచ్చి కవరు ముట్టుకుని చూసేవాళ్ళు. అట్లాంటిది నాకు ఒకే వారంలో రెండు వచ్చాయి. ఒకటి హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగానికి. రెండోది ఇక్కడే, హన్మకొండలో ఎరువులమ్మే సహకార సంఘంలో గుమాస్తా పనికి. రెండింటికీ ఒకటే తేదీ. నా మనసు బ్యాంకు మీద ఉంది. అట్లాగని ఈ గుమాస్తా పనిని వదులుకునే ధైర్యమూ లేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

సంఘం వాళ్ళ కాగితం కింద, తేదీ మార్చమని అడిగితే ఒప్పుకోబోమని ఒక వాక్యం ఉంది. అది చదివి వినిపిస్తే అత్తమ్మ, "కాయితం మీద అట్లనే రాస్తరు. నువ్వు పో. రెండూ ఒక్క దినమే పడ్డయని చెప్పు. మనిషి మొఖం చూస్తే కాదనరు," అంది.

నేను విసుక్కున్నాను. ఇంకో ఉద్యోగానికి పోతున్నానని చెప్తే అటే పొమ్మంటారు, నీకు ఈ ఆఫీసుల సంగతులు తెలియవని గట్టిగానే అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా మరి. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా స్నేహితులది వేరే దారి. పరీక్ష తప్పించుకోవాలన్నా, ఇంటర్వ్యూ వాయిదా వేయించుకోవాలన్నా నానమ్మ పోయిందని టెలిగ్రాం ఇవ్వడమే. ఒకడి నానమ్మ అప్పటికే చాలాసార్లు పోయింది, ఆవిడ మాత్రం శుభ్రంగా మార్కెట్టుకు పోయి కూరగాయలు బేరమాడేది. నాకు నానమ్మ, అమ్మమ్మ నిజంగానే లేరు. అమ్మానాన్నల మాట రాయడానికి చెయ్యి రాలేదు.

అదే వారంలో కాకి పని కాకి చేసిపోయింది. అత్తమ్మ దండెం మీద చీర ఆరేస్తుంటే ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి ఆమె తల మీద తన్ని పోయింది. మా వైపు అది మంచిది కాదంటారు. ఆ మనిషికి మృత్యుదోషమట. అది పోవాలంటే ఆ మనిషి పోయిందని అయినవాళ్ళకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు ఏడవాలి. ఏడ్చాక, అదే రోజు పొద్దుగూకేలోగా, లేదు లేదు బతికే ఉందని రెండో కబురు పంపాలి. అప్పుడు దోషం పోతుంది, ఏడ్చినవాళ్ళు తిట్టుకుంటూ నవ్వుకుంటూ వచ్చి చూసి పోతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వెంటనే పంపమని ఆమె ప్రాణం తీశారు. ఆమె కోసం ఏడ్చే మనిషంటే మా నాన్న ఒక్కడే. ఆయనకు అప్పుడే గుండెల్లో నొప్పి వచ్చి దవాఖానా నుంచి ఇంటికి వచ్చాడు. నా దోషం కోసం తమ్ముణ్ణి చంపుకోనా అని ఆమె అందరినీ తిట్టి పంపేసింది.

మర్నాడు నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "కాకి తన్నిన కబురు ఎవలకన్న ఒకలకు పంపాలె గద. నీ ఆఫీసోళ్ళకే పంపు. నా దోషం పోతది, నీ డేటు మారుతది," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. వాళ్ళెవరో నీ కోసం ఎందుకు ఏడుస్తారత్తమ్మా అంటే, ఏడ్వకపోతే మానెలే అంది. నేను చెయ్యి కడుక్కుని అప్పుడే చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచి, "రెండో కబురు పంపుడు మరువకు కొడుకా. బతికున్నదని చెప్పకుంటే ఉత్తగనే చంపినట్టయితది," అంది. సరేనన్నాను.

టెలిగ్రాం ఆఫీసులో మేనత్త మరణించిందనీ, వేరే తేదీ ఇమ్మనీ రాసిస్తే, ఆ గుమాస్తా మాటలు లెక్కపెట్టడం ఆపి నా ముఖం చూసి, పెద్దవాళ్ళు పోవడం సహజమే, ధైర్యంగా ఉండమన్నాడు. నేను తలూపాను. బయటికి వచ్చి సోడా తాగాను. సంఘం నుంచి జవాబు తొందరగానే వచ్చింది. విచారం తెలియజేస్తూ, కర్మకాండలన్నీ అయ్యాక రమ్మని, రెండు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. బ్యాంకు వాళ్ళు మాత్రం నన్ను కూర్చోమనడానికి పట్టినంతసేపట్లోనే లెమ్మన్నారు. మేమే తెలియజేస్తామన్నారు. ఇంకా తెలియజేస్తూనే ఉన్నారు.

హన్మకొండలో ఇంటర్వ్యూ చేసింది ఈ మేనేజరు సారే. అప్పటికి ఆయన జుట్టు నల్లగా ఉండేది. కాగితాలు పక్కకు జరిపి, ముందు, మీ మేనత్తకు ఏమైందని అడిగారు. నేను సిద్ధం చేసుకుని పోయిన జవాబులన్నీ ఎరువుల గురించీ, సహకార చట్టం గురించీ. తల వంచుకున్నాను. ఆయన, తనను కూడా ఫుప్పే సాకిందని చెప్పారు. ఫుప్పు అంటే వాళ్ళ ముస్లిం ఇళ్ళల్లో మేనత్తే. తల్లి చిన్నప్పుడే పోతే ఆమే పాలు తాపి పెంచిందట. ఆమె పోయిన రోజు ఈయన ఏదో పరీక్ష రాస్తూ దూరాన ఉన్నారట. "నాకు ఎవ్వరు డేటు మార్చలే బేటా," అని కళ్ళద్దాలు తీసి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు.

అక్కడ చెప్పాల్సింది. నోరు తెరిచి నాలుగు మాటలు అంటే అయిపోయేది. ఉద్యోగం రాకపోయేదేమో, మనిషిగా మిగిలేవాణ్ణి. నేను తలెత్తలేదు. అది దుఃఖమనుకున్నారు ఆయన.

ఉద్యోగం వచ్చింది. ఇంటికి పోయి జరిగిందంతా చెప్తే అత్తమ్మ నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. "నిజంగనే ఏడ్చిండా?" అని అడిగింది. అవునన్నాను. ఎవరో తెలియని మనిషి తన కోసం ఏడ్చాడన్న సంగతి ఆమె చాలాసేపు నమ్మలేకపోయింది. తర్వాత లేచి, "అయితే దోషం పోయినట్టే. ఇగ రెండో కబురు చెప్పి రా పో," అంది.

చేరాక చెప్తానన్నాను. చేరాక, ప్రొబేషను అయిపోనీ అన్నాను. అదీ అయింది. అబద్ధం చెప్పి ఉద్యోగం సంపాదించాడని తీసేస్తారేమోనన్న భయం మొదట్లో నిజంగానే ఉండేది. తర్వాత తీసేయరని తెలిసింది, కానీ అప్పటికి సారు నన్ను కొడుకులా చూడడం మొదలుపెట్టారు. ఆ చూపు పోగొట్టుకోవడం ఉద్యోగం పోగొట్టుకోవడం కంటే కష్టమనిపించింది. నెలకోసారి ఆమె, "ఏం అల్లుడా, నేను ఇంక బతకలేదా?" అని అడిగేది. వచ్చే నెల బతికిస్తానత్తమ్మా అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నాకప్పుడు అది నవ్వులాటలాగే ఉండేది.

ఏటా పెత్తరమాస వచ్చేది. పోయిన పెద్దల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య. మా సారుకు మన పండుగలన్నీ తెలుసు. ఆ రోజు పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి, మీ మేనత్త పేరు మీద బియ్యమిచ్చినవా, పన్నెండు గంటలకే పో, నేను చూసుకుంట అనేవారు. నేను సగం రోజు సెలవు తీసుకుని ఇంటికి పోయేసరికి అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని సర్వపిండి కాల్చేది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు ఎక్కువ వేసి, అంచులు కరకరలాడేలా. "నా పెత్తరమాసకు నేనే వండుకునుడు ఈ వరంగల్‌ల ఇంకెవలకన్న ఉన్నదా?" అని నాకు వడ్డించేది. నేను తినేవాణ్ణి. ఎంత రుచిగా ఉండేదో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

నా పెళ్ళికి సారు మా ఊరిదాకా వచ్చారు. ఆయన ఉన్నంతసేపూ అత్తమ్మ వంటల దగ్గరే పొగలో కూర్చుంది. మేనత్త చేతి అక్షింతలు పడకుండా పెళ్ళేమిటని మా నాన్న ఎగిరాడు. ఆమె ఏదో ఒకటి చెప్పి తమ్ముణ్ణి చల్లార్చి, సారు బస్సెక్కాక వచ్చి, చేతి వెనకవైపుతో నా చెంప ముట్టి, నా భార్య చెంప ముట్టి, మళ్ళీ వంటల దగ్గరికి పోయింది.

ఆఫీసులో నాకు ప్రమోషన్ ఇచ్చారు. ఇంటర్వ్యూలకు పిలుపులు పంపేదీ, తేదీ మార్చమని అడిగేవాళ్ళకు జవాబులిచ్చేదీ నేనే. ఇదీ నా ఖర్మ. ప్రతి నియామకానికీ ఎందరో నానమ్మలూ తాతలూ పోయేవారు. ఒక్కొక్క టెలిగ్రాం చదువుతుంటే నన్ను నేనే చదువుకున్నట్టుండేది. అందరికీ వేరే తేదీ ఇచ్చేవాణ్ణి. ఒక్క పిల్లవాడు మాత్రం, సార్ అదే రోజు నాకు ఇంకో చోట పిలుపుంది, మీకు వీలైతే మార్చండి, లేకపోతే నా బదులు ఇంకొకరిని పిలవండి, నాకోసం కుర్చీ ఖాళీగా ఉంచొద్దు అని కార్డు ముక్క రాశాడు. అది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అచ్చం మా అత్తమ్మ మాటే. సారుకు చూపిస్తే మెచ్చుకుని, ఆ పిల్లవాడికి కావాల్సిన తేదీయే ఇమ్మన్నారు.

ఆ రోజైనా నాకు బుద్ధి రావద్దా? రాలేదు.

మధ్యలో సారును నర్సంపేట శాఖకు మార్చారు. ఆ సంగతి విని అత్తమ్మ, ఇప్పుడన్నా నీ కుర్చీ చూస్తానంది. ఒక రోజు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నా బల్ల ముందు కుర్చీలో కొసకు కూర్చుని, చేతి వెనకవైపుతో బల్లను తడిమింది. ఇదంతా నీదేనా అని అడిగింది. నాదే అన్నాను. అంత సంతోషం ఆమె ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు సారు లోపలికి వచ్చారు. లెక్కల సమావేశమేదో ఉంటే నర్సంపేట నుంచి చెప్పకుండా దిగారు. నా బల్ల దగ్గరికే వచ్చి, ఈ అవ్వ ఎవరని అడిగారు.

అత్తమ్మ నా ముఖం చూసింది. చూసి, లేచి నిలబడి, "యూరియా కోసం వచ్చిన సారూ," అంది.

"లేస్తరెందుకమ్మా, కూసోండ్రి. ఎండల వచ్చిండ్రు, చాయ్ తాగి పోండ్రి," అని సారు చాయ్ చెప్పడానికి అటు తిరగబోయారు.

ఆమె నా వైపు చూసింది. కూర్చోనా అని అడుగుతున్నట్టు. ఆమె కూర్చుంటే సారు ఊరూ పేరూ అడుగుతారు, మాటల్లో ఏదో ఒకటి బయటపడుతుంది. ఆ భయంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది. "యూరియా స్టాకు లేదవ్వా. సోమారం రా."

"మంచిది సారూ," అంది మా మేనత్త. నాతోనే అంది. చీర కొంగు సర్దుకుని మెట్లు దిగి పోయింది. చాయ్ వచ్చేసరికి ఆమె లేదు. సారు ఆ గ్లాసు చూసి, పాపం తాగకుంటనే పోయింది అని దాన్ని నాకిచ్చారు. తాగాను. తాగకపోతే ఎందుకని అడుగుతారు కదా.

సాయంత్రం ఇంటికి పోవడానికి కాళ్ళు రాలేదు. పోతే, ఆమె ఎప్పటిలాగే కంచం పెట్టి, యూరియా లేదన్నోళ్ళకు అన్నమెందుకు అని ఎగతాళి చేసింది. ఆయన మంచి మనిషి, నన్ను అమ్మా అన్నాడని మురిసిపోయింది. నా కోసం ఏడ్చినాయనను కళ్ళారా చూశానంది. నేను కంచంలో చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నాను. "సారూ అనంగనే నీ మొఖం గింతయింది. ఊకె అన్న తియ్, తిను," అని నా తల నిమిరింది.

ఆ తర్వాత ఆమె నన్ను రెండో కబురు ఎన్నడూ అడగలేదు. అడిగినన్నాళ్ళూ విసుక్కున్నాను. అడగడం మానేశాక రోజూ ఎదురుచూశాను, ఒక్కసారి అడిగితే బాగుండు, మర్నాడే పోయి చెప్పేస్తానని. సారు మళ్ళీ మా శాఖకే వచ్చారు. పెత్తరమాసలు వచ్చాయి, పోయాయి. సర్వపిండి చేసింది, వడ్డించింది, ఆ ఎగతాళి మాట మాత్రం మళ్ళీ అనలేదు.

ఇప్పుడు ఫోను దగ్గరికి వస్తాను. సారు చేతిలోని రిసీవరు తీసుకున్నాను. మా గల్లీ చివర మందుల దుకాణం వాళ్ళు. మిరపకాయలు ముందేసుకుని తొడిమెలు తీస్తూ తీస్తూ గోడకు ఒరిగిందట. పని మానేసినా ఊరికే ఉండలేక ఇంటికి తెచ్చుకుని తీసేది. ఫోను పెట్టేసి, "ఇది మనకే వచ్చిన ఫోను సార్. ఆమె నా మేనత్తే. ఇప్పుడే పోయింది," అన్నాను.

నిలబడే అసలు సంగతి చెప్పాను. కాకి, టెలిగ్రాం, హైదరాబాదు. ఇన్నేళ్ళు రాని మాటలు గడగడా వచ్చాయి. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి విన్నారు. చివరికి ఆయన అడిగింది ఒక్కటే.

"గంతేనా? రెండూ ఒక్క దినమే పడ్డయి, జర డేటు మార్చుండ్రి అని అడిగితే మార్చకపోదునా బేటా?"

మా అత్తమ్మ నన్ను పోయి చెప్పమన్నది అదే మాట. ఆమె పోయిందని విన్నప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. సారు స్కూటరు తాళం తీసుకుని పద అన్నారు. నేను వెనక కూర్చుని మట్టెవాడ దారి చెప్పాను.

ఇంటి ముందు పడుకోబెట్టారు. నా భార్య పక్కన కూర్చుని ఏడుస్తోంది. సారు చెప్పులు విడిచి, దగ్గరికి పోయి, వంగి ముఖం చూశారు. చాలాసేపు చూశారు. లేచి నా దగ్గరికి వచ్చి మెల్లగా, "యూరియా కోసం వచ్చిన అమ్మ గద," అన్నారు. తలూపాను. "చాయ్ తాగుమంటే నీ దిక్కు చూసింది," అన్నారు. ఆయన గుర్తుపడతారని నేను అనుకోలేదు. ఆమె చూసిన చూపును ఆయన కూడా చూశారనీ, ఇన్నేళ్ళూ మరవలేదనీ అసలే అనుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేస్తారేమో అనుకున్నాను, వేయలేదు. అది న్యాయమే.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి పోయాం. మోదుగాకు విస్తట్లో అన్నం, సర్వపిండి పెట్టాం. సర్వపిండి నా భార్య చేసింది, అంచులు కొంచెం మాడాయి. కాకి తొందరగా ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందంటారు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఫలానా పని చేస్తాం, ఫికరు పెట్టుకోకు అని పైకి చెప్పాలి. కోరిక తీరే మాట ఎవరి నోటి నుంచి వస్తే అప్పుడు కాకి దిగుతుందట. నా మాట నేను సిద్ధంగా పెట్టుకున్నాను. రాత్రంతా దాన్నే అనుకున్నాను. అత్తమ్మా, సారుకు చెప్పిన, నువ్వు బతికే ఉంటివని చెప్పిన, రెండో కబురు చెప్పిన. అందరి ముందూ గట్టిగా అనాలి. ఎంతసేపు కాకి రాకపోతే అంత మంచిదనుకున్నాను.

సారు కూడా వచ్చారు. తల మీద నమాజు టోపీ, చేతిలో మూతపెట్టిన చిన్న చెంబు. ఏమిటని ఎవరో అడిగితే, చాయ్ అన్నారు. ఊరి నుంచి వచ్చిన పెద్దలు ఒకరినొకరు చూసుకుని, పెట్టండి సారూ, ఆమెకు ఇష్టమే అన్నారు. ఆయన గ్లాసులో పోసి విస్తరి పక్కన జాగ్రత్తగా పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అందరం దూరం జరగడానికి వెనుదిరిగాం.

నాలుగడుగులు వేశామో లేదో, వెనక రెక్కల చప్పుడైంది. కాకి వచ్చేసింది. ఎవ్వరూ ఏమీ మొక్కకముందే, ఒక్క మాటైనా చెప్పకముందే వచ్చి సర్వపిండి అంచు పొడిచింది. పెద్దలు సంతోషించారు. ఎంత మంచి మనిషి, ఒక్క కోరికా మిగుల్చుకోలేదు, ఎవ్వరి మీదా ఏమీ పెట్టుకోలేదు అనుకుంటూ కాళ్ళు కడుక్కోవడానికి పోయారు.

నేను, సారు మాత్రం అక్కడే నిలబడ్డాం. నా మాట నా నోట్లోనే ఉంది. కాకి మాడిన అంచును ముక్కున కరుచుకుని, తల పక్కకు వంచి ఒకసారి చూసి ఎగిరిపోయింది. విస్తరి పక్కన గ్లాసులో చాయ్ మీద ఇంకా ఆవిరి లేస్తోంది.